కాళ్ల దగ్గర నుంచి కొండకొమ్ము దాకా

యోసెమిటీ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లు ఒకసారి అడిగి చూడండి. దాదాపు అందరి దగ్గరా ఒకే ఫోటో ఉంటుంది. టన్నెల్ వ్యూ దగ్గర కారాపి, పిట్టగోడ ముందు పిల్లల్ని నిలబెట్టి తీసింది. ఎడమ పక్క ఎల్ కాపిటాన్ కొండ, కుడి పక్క బ్రైడల్‌వీల్ జలపాతం, నడుమ దూరంగా హాఫ్ డోమ్. 1933లో వవోనా సొరంగం తెరిచినప్పటి నుంచీ జనం అక్కడ ఆగి అదే చూస్తున్నారు, అదే తీస్తున్నారు. ఆ చోటు అలాంటిది మరి, ఎవరు తీసినా బాగానే వస్తుంది.

ఇప్పుడు వాళ్లనే ఇంకో ఫోటో చూపించమనండి. కింద లోయలో నిలబడి యోసెమిటీ జలపాతాన్ని తీసింది. చాలామంది దగ్గర సగం జలపాతమే ఉంటుంది. పైభాగం వస్తే కింద నేల ఉండదు, నేల వస్తే కొన తెగిపోతుంది. మొత్తం పట్టిన వాళ్ల దగ్గర జలపాతం కొండ మీద సుద్దముక్కతో గీసిన గీతలా ఉంటుంది. అక్కడ మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూసిన ఎత్తు ఆ ఫోటోలో కనబడదు.

మేము ఫ్రీమాంట్‌లో ఉంటాం. యోసెమిటీ మాకు నాలుగు గంటల దారి. తెల్లవారుజామున పులిహోర, దద్దోజనం డబ్బాల్లో సర్దుకుని బయల్దేరితే పదింటికల్లా లోయలో ఉండొచ్చు. పెళ్లై ఈ ఊరొచ్చిన పదేళ్లలో చాలాసార్లు వెళ్లాం. ఇంటికి చుట్టాలొస్తే యోసెమిటీ, పిల్లలకి సెలవులిస్తే యోసెమిటీ. డ్రైవింగ్ మా ఆయనది, పిల్లల వెంట పరుగులు ఇద్దరివీ, ఫోటోలు నావి. నేను చదివింది బీఎస్సీ, మ్యాథ్స్, ఫిజిక్స్. ఉద్యోగం చెయ్యడం కుదరలేదు గానీ, చదివిన ఫిజిక్సు మాత్రం ఈ నిలువు ఫోటోల దగ్గర నాకు బాగా పనికొచ్చింది.

నిలువు ఫోటోల మీద మనసు పడటానికి కారణం మా అమ్మ. తను తిరుపతిలో ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయాయి. అన్ని గంటలు విమానంలో కూర్చోవడం తన వల్ల కాదు. నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ వస్తామనుకున్నారు, అది జరగలేదు. ఇక అమ్మకి అమెరికా అంటే నేను వాట్సాప్‌లో పంపే ఫోటోలే. ఓసారి టన్నెల్ వ్యూ దగ్గర వెడల్పుగా తిప్పి తీసిన పనోరమా పంపాను. నిలువుగా పట్టుకున్న ఫోనులో అది అరవేలెడు పట్టీలా కనబడుతుంది కదా. అమ్మ చూసి, "బాగుండాది పాపా. అయితే అది ఎంత ఎత్తు? నువ్వు యాడ నిలబడి తీసినావు?" అంది.

ఆ రెండు ప్రశ్నలూ నాకు పాఠం లాంటివే. ఫోటో చూసేవాళ్లకి కొండ ఎంత ఎత్తుందో తెలియాలి. తీసిన మనిషి ఎక్కడ నిలబడిందో కూడా తెలియాలి. నిజానికి ఆ రెండూ ఒకటే ప్రశ్న. మనం నిలబడిన నేల కనబడితేనే అక్కడి నుంచి కొండ ఎంత ఎత్తో తెలుస్తుంది.

మాటలతో అయితే ఎత్తు చెప్పడం తేలిక. యోసెమిటీ జలపాతం 2,425 అడుగులు. మూడు అంచెలుగా దూకుతుంది. పైది 1,430 అడుగులు, నడుమ మెట్లు మెట్లుగా పడేది 675, కిందిది 320. మా అమ్మకి తెలిసిన జలపాతం తలకోన, అది 270 అడుగులు. "తలకోనలు తొమ్మిది ఒకదాని మీద ఒకటి పెట్టుకోమ్మా" అన్నాను. "అబ్బో!" అంది. కానీ లెక్క చెవిన పడటం వేరు, కంటితో చూడటం వేరు.

చూడలేని వాళ్లకి చూపించడం ఆ లోయకి కొత్తేమీ కాదు. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఆయన పెద్ద పెద్ద గాజు పలకలు, వాటిని కడిగే రసాయనాలు కంచరగాడిదల మీద వేసుకుని అక్కడికి వెళ్లాడు. ఒక్కో పలక దాదాపు 18 అంగుళాలు ఇంటూ 22 అంగుళాలు. వాషింగ్టన్‌లో ఉన్న పెద్దల్లో చాలామంది ఆ లోయ చూసినవాళ్లు కారు. 1864లో లింకన్ ఆ లోయని కాపాడే చట్టం మీద సంతకం పెట్టడానికి ఆ ఫోటోలు కూడా సాయపడ్డాయని చెబుతారు. ఆ తర్వాతి తరంలో ఆన్సెల్ ఆడమ్స్. 1916లో పద్నాలుగేళ్ల వయసులో అమ్మానాన్నలతో వచ్చి, చేతిలో ఉన్న చిన్న బాక్స్ కెమెరాతో మొదలుపెట్టాడు. ఆయన 1927లో తీసిన హాఫ్ డోమ్ ఫోటో నిలువుదే. రాయి మన మీదికి లేచి నిలబడినట్టుంటుంది.

ఇక అసలు పనికి వద్దాం. నిలువు పనోరమా అంటే ఏమీ లేదు, వెడల్పుగా తిప్పే బదులు కింది నుంచి పైకి తిప్పి తీయడం. ఫోనులో పనోరమా మోడ్ పెట్టి, ఫోనుని అడ్డంగా పట్టుకుని, కాళ్ల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి ఎత్తుతూ పోవాలి. లేదా మామూలు ఫోటోలే నాలుగైదు, కింద నుంచి పైకి వరసగా తీసి తర్వాత కలపాలి. ఒక్కో ఫోటో కిందిదాని మీద మూడో వంతన్నా ఎక్కి ఉండాలి. అతుకులు కలిపే సాఫ్ట్‌వేర్‌కి రెండు ఫోటోల్లోనూ ఉన్న గుర్తులు కావాలి కదా. లైట్‌రూమ్ ఉన్నవాళ్లకి అందులోనే కలిపే వీలుంది. లేనివాళ్లు కంప్యూటర్‌లో హగిన్ అనేది ఉచితంగా వేసుకోవచ్చు. ఒక్కో ఫోటోనీ అడ్డంగానే తీయండి. నిలువుగా తీసి నిలువుగా పేరిస్తే చివరికి రిబ్బను ముక్క మిగులుతుంది. వెడల్పుకి రెట్టింపు ఎత్తు ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. మూడు రెట్లు దాటితే పుస్తకంలో పెట్టుకునే గుర్తుచీటీలా అయిపోతుంది.

అందరూ అడిగేది, కింద రాళ్లు విరిగినట్టు ఎందుకొస్తాయని. దానికి జవాబు మన దగ్గరే ఉంది. చూపుడు వేలు ముఖం ముందు పెట్టుకుని, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు పక్కకి గెంతుతుంది, వెనక గోడ మాత్రం కదలదు. ఫోను కూడా అంతే. చెయ్యి చాచి పైకి ఊపితే లెన్సు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుంది. దూరంగా ఉన్న కొండకి అది పట్టదు గానీ, కాళ్ల దగ్గర ఉన్న రాయి గెంతుతుంది. అందుకని మోచేతులు పక్కటెముకలకి ఆనించి, లెన్సు ఉన్నచోటే ఉండేలా ఫోనుని దాని చుట్టూ తిప్పాలి. తలుపు బందు మీద తిరిగినట్టు.

వెలుతురు సంగతి రెండోది. పొద్దున్నే లోయ అడుగు నీడలో ఉంటుంది, కొండకొమ్ము మీద మాత్రం ఎండ పడుతుంది. నేల కోసం వెలుతురు పెంచితే నీళ్లు తెల్లగా కాలిపోయి, కాగితం ముక్క అతికించినట్టు ఉంటాయి. వరసగా తీసే పద్ధతిలో అయితే ముందు జలపాతం మీద వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో వెలుతురు అక్కడికి తాళం పడుతుంది. ఆ తాళం తీయకుండా అన్నీ తీసేయండి. కింద కాస్త చీకటిగా వచ్చినా తర్వాత వెలిగించుకోవచ్చు. కాలిపోయిన తెలుపులో మాత్రం నీటి పోగులు మళ్లీ రావు. ఇంకా మేలు ఏమిటంటే, ఎండ లోయ అడుగుకి దిగేదాకా ఆగడం. ఆలోపు పిల్లలకి పులిహోర పెట్టుకోవచ్చు.

ఎక్కడ నిలబడాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఎత్తు చూపించాలంటే దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. ఎల్ కాపిటాన్ గోడ సుమారు 3,000 అడుగులు. దానికి సరిగ్గా 3,000 అడుగుల దూరంలో నిలబడ్డామనుకోండి. కొన చూడటానికి చూపు 45 డిగ్రీలు ఎత్తాలి. అందులో గోడ కింది సగం దాదాపు 27 డిగ్రీలు తీసుకుంటుంది. పై సగానికి మిగిలేది 18 డిగ్రీలే. అంటే కొండ నడుం పైభాగమంతా కుంచించుకుపోయి కనబడుతుంది. అదే 6,000 అడుగుల దూరం వెనక్కి వస్తే, కింది సగానికి 14 డిగ్రీలు, పై సగానికి పన్నెండున్నర. దాదాపు సమానం. కొండ నిటారుగా, ఉన్నంత ఎత్తూ ఉన్నట్టు నిలబడుతుంది. గాలిగోపురం కింద నిలబడి చూస్తే కలశాలు కనబడవు, వీధి చివరికి వెళ్తే అన్నీ కనబడతాయి. ఇదీ అదే.

జలపాతానికి కూడా ఇదే లెక్క. దిగువ జలపాతం దగ్గరికి వెళ్లే బాట చుట్టూ తిరిగొస్తే మైలు దూరం, స్ట్రోలర్‌తో కూడా నడవొచ్చు. చివరి దాకా వెళ్లి వంతెన మీద నిలబడితే మొహం నిండా తుంపర పడుతుంది గానీ, కనబడేది కింది 320 అడుగులే. పైది కొండ చాటుకి పోతుంది. అదే బాట మొదట్లో, చెట్లు రెండు పక్కలా వాకిలిలా విడిపోయిన చోట నిలబడండి. పైదీ కిందిదీ ఒకే నిలువు గీత మీద పేర్చినట్టు కనబడతాయి. నిలువు పనోరమాకి అంతకన్నా మంచి చోటు లోయలో నాకు ఇంకోటి దొరకలేదు. కాళ్ల దగ్గర బాట మొదలవుతుంది, ఆ బాట చూపుని చెట్ల నడుముకి తీసుకెళ్తుంది, అక్కడి నుంచి నీళ్లు పైకి ఎక్కిస్తాయి.

ఫోటోలో కన్ను ఎక్కడానికి మెట్లు కావాలి. కింద ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి. చీరకి అంచు, ఒళ్లు, కొంగు ఉన్నట్టు. నడుమ ఏమీ లేకుండా కింద గడ్డి, పైన కొండ మాత్రమే ఉంటే రెండు ఫోటోలు అతికించినట్టు ఉంటుంది. చైనాలో గోడకి వేలాడదీసే నిలువు చుట్టల బొమ్మలు గీసినవాళ్లు ఈ సంగతి వెయ్యేళ్ల కిందటే పట్టుకున్నారు. గుయో షీ అనే చిత్రకారుడు 1072లో గీసిన తొలి వసంతం బొమ్మ ఇప్పుడు తైపే మ్యూజియంలో ఉంది. అడుగున నీళ్లు, రాళ్లు, చిన్న చిన్న మనుషులు. నడుమ మంచు. ఆ మంచులోంచి లేచిన శిఖరం. కొండ కింద నిలబడి కొమ్ముని చూడటాన్ని ఆయన ఎత్తు దూరం అన్నాడు. మన చేర్యాల నకాశీ బొమ్మలూ నిలువు చుట్టలే. గుడ్డ విప్పుతూ పోతే కథ ఒక్కో అరలో ముందుకి జరుగుతుంది, అరకీ అరకీ నడుమ పూల అంచు ఉంటుంది. నిలువు బొమ్మని ఒక్క చూపులో చూడం, చదువుతాం.

చెట్ల దగ్గర ఇంకో చిక్కుంది. కెమెరా పైకి ఎత్తేకొద్దీ నిలువు గీతలు ఒకదాని మీదికి ఒకటి వాలిపోతాయి. కొండకి అది తెలియదు గానీ చెట్లకి వెంటనే తెలిసిపోతుంది. నేషనల్ జియోగ్రాఫిక్ ఫోటోగ్రాఫర్ మైఖేల్ నికల్స్ దీనికి ఏం చేశాడో తెలుసా? కెమెరాని పైకి వంచనేలేదు. తాళ్లు కట్టి కెమెరానే చెట్టు పక్కన నిలువునా జరిపారు. 2009లో 300 అడుగుల రెడ్‌వుడ్ చెట్టుని 84 ఫోటోలతో కలిపారు. 2012లో సెకోయా నేషనల్ పార్కులోని ప్రెసిడెంట్ అనే 247 అడుగుల చెట్టుకి 126 ఫోటోలు పట్టాయి. చెట్టు మీద ఎక్కిన మనుషులు చీమల్లా కనబడతారు. మనం అంత చేయలేం. కానీ వెనక్కి జరిగితే వంచాల్సిన కోణం తగ్గుతుంది, కలిపేటప్పుడు గీతలు నిటారు చేసే వీలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. ఆ సర్దుబాటులో అంచులు తెగుతాయి కాబట్టి, కిందా పైనా ఒక్కో ఫోటో అదనంగా తీసి పెట్టుకోండి.

ఇంకో మంచి చోటు స్వింగింగ్ బ్రిడ్జి. పేరు అదే గానీ ఇప్పుడది ఊగదు. దాని పక్కన మెర్సెడ్ నది ఒడ్డున నీరు నిలకడగా ఉన్నచోట ఎగువ జలపాతం నీడ పడుతుంది. కింద నీళ్లలో తలకిందులుగా ఒకటి, పైన అసలుది ఒకటి. కొండ మంచు కరిగే మే నెలలో, జూన్ మొదట్లో జలపాతం నిండుగా ఉంటుంది. ఆగస్టుకి చాలా ఏళ్లు ఎండిపోతుంది, కాబట్టి వేసవి సెలవుల చివర్లో వెళ్దామనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

కిందటి మే నెలాఖరులో మా ఆయన పిల్లలిద్దరినీ ఒడ్డున రాళ్లు ఏరుకోనిచ్చి, "పది నిమిషాలు, నువ్వు కానియ్" అన్నాడు. ఇంట్లో పనుల నడుమ పది నిమిషాలు ఒకే దాన్ని చూస్తూ నిలబడే రోజులు మనకెన్ని ఉంటాయి చెప్పండి? ఆరు ఫోటోలు తీశాను. మొదటిది సరిగ్గా నా కాళ్ల దగ్గర నుంచి. తడి ఇసుక, గులకరాళ్లు, వాటి పక్కన నా బూటు ముందుభాగం. కలిపాక బూటుని కత్తిరించేయొచ్చు, ఫోటోగ్రఫీ తెలిసినవాళ్లు కత్తిరించమనే అంటారు. నేను ఉంచాను.

వాట్సాప్ మామూలుగా పంపితే ఫోటోని బాగా కుదించేస్తుంది. అందుకని డాక్యుమెంట్‌గా పంపి, వీడియో కాల్‌లో అమ్మతో మాట్లాడాను. పక్కన మా అక్క తన ఫోనులో ఆ ఫోటో తెరిచి పట్టుకుంది. నిలువు ఫోటో కాబట్టి ఫోను నిండా వచ్చింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని, వేలితో పెద్దది చేసి, కింది నుంచి మొదలుపెట్టింది. "ఇది ఇసకా? ఈడ కనబడేది నీ బూటు కదా?" అంది. అవునన్నాను. వేలు నీళ్లలోకి వెళ్లింది, అవతలి ఒడ్డున చెట్లకి వెళ్లింది, అక్కడ కాసేపు ఆగింది. చెట్లు ఎంత ఎత్తుంటాయని అడిగింది. మన ఇంటి ముందు కొబ్బరిచెట్టుకి రెండింతలు ఉంటాయని చెప్పాను. ఆ చెట్లని కొలబద్దగా పెట్టుకుని వేలు పైకి జరిపింది, ఇంకా జరిపింది. కొండకొమ్ము దగ్గరికి చేరాక చెయ్యి తీసి, "ఇంతెత్తు కింద ఒక్కదానివే నిలబడినావా, పాపా?" అంది.

ఒక్కదాన్నే కాదు, పిల్లలు పక్కనే ఉన్నారని చెప్పాను. తర్వాత ఆ ఫోటోని అక్క తిరుపతిలోనే అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు ప్రింటు వేయించింది. దేవుడి గది తలుపుకీ కిటికీకీ నడుమ ఉన్న సన్నటి గోడ దానికి సరిపోయింది. అడ్డం ఫోటోలకి హాల్లో పెద్ద గోడ కావాలి. నిలువు ఫోటోకి మన అపార్ట్‌మెంట్లలో ఎక్కడో ఒకచోట అలాంటి సందు దొరుకుతుంది.

అన్ని చోట్లకీ నిలువు నప్పదు. నయాగరాలో హార్స్‌షూ జలపాతానికి ఎత్తుకన్నా వెడల్పే చాలా ఎక్కువ. దాన్ని నిలువుగా తీస్తే దాని గొప్పతనమే పోతుంది. కేప్‌టౌన్‌లో ఉన్నవాళ్లకి టేబుల్ మౌంటెన్ కూడా అంతే, బల్లని బల్లలాగే తీయాలి. కానీ మలేషియాలో బటు కేవ్స్ 272 మెట్లు ఉన్నాయి చూడండి, కాళ్ల దగ్గర మొదటి మెట్టు నుంచి సున్నపురాయి కొండ మీది చెట్ల దాకా ఎక్కే ఫోటో అది. మారిషస్‌లో చమరెల్ జలపాతం, అడవి నడుమ నిలువునా దూకేది, అదీ అంతే. చూపు పక్కలకి పోతోందా, పైకి పోతోందా అని ఒక్క క్షణం ఆగి చూసుకుంటే చాలు, ఫోను ఎటు తిప్పాలో తెలిసిపోతుంది.

ఈ వేసవిలో మీరు ఏ కొండ కిందికి వెళ్లినా, ముందు కొండని వదిలేసి మీ కాళ్ల దగ్గర ఏముందో చూడండి. గడ్డిపూలో, గులకరాళ్లో, పిల్లవాడి చెప్పో. ఫోటో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఊళ్లో ఉండి దాన్ని చూసేవాళ్లు ముందు మిమ్మల్నే వెతుక్కుంటారు, కొండని ఆ తర్వాతే చూస్తారు.